పాత పెద్ద మిషన్లు ఇంటి వర్క్‌షాప్‌లోకి: దారి కొలత నుంచి మొదటి కోత దాకా

కర్మాగారాలు వదిలించుకునే, లోహాన్ని కోసి చెక్కే పాత లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు ఇంట్లో పని చేసుకునేవాళ్లను ఊరిస్తాయి. పోత ఇనుము దండిగా పోసిన రోజుల్లో తయారైన మిషన్ లోతుగా కోసినా వణకదు. బల్ల మీద పెట్టుకునే చిన్న కొత్త మిషన్‌తో ఆ పని కాదు. చిక్కల్లా ఒకటే. దాన్ని తయారుచేసినవాళ్లు పైన క్రేను, గోడకు త్రీ ఫేజ్ కరెంటు, లారీ పట్టే తలుపు ఉన్న చోటును మనసులో పెట్టుకుని చేశారు. ఇంట్లో ఆ మూడూ ఉండవు. లేని ఆ మూడింటి బదులు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

ఇక్కడ చెప్పేది 300 కిలోల నుంచి టన్నున్నర దాకా బరువుండే వాటికి వర్తిస్తుంది: పదమూడు అంగుళాల పని పట్టే లేత్, బ్రిడ్జ్‌పోర్ట్ తరహా (నిలువు తల ఉండి, కింద టేబుల్ జరిగే) మిల్లింగ్ మిషన్, టూల్ ముందుకూ వెనక్కీ ఆడుతూ కోసే మధ్యరకం షేపర్. అంతకు మించితే భారీ యంత్రాలు తరలించడమే వృత్తిగా ఉన్నవాళ్లను పిలవండి. అక్కడ పొదుపు చూడకూడదు.

1. ముందు దారి, తర్వాతే మిషన్

ఎంత పెద్ద మిషన్ కొనవచ్చో గది వైశాల్యాన్ని బట్టి తేలుతుందనుకుంటాం. నిజానికి తేల్చేది వాహనం ఆగే చోటు నుంచి గది దాకా ఉన్న దారిలో అన్నిటికన్నా ఇరుకైన మలుపు. టేపు పట్టుకుని బయటి నుంచి లోపలికి నడవండి. గేటు వెడల్పు, తలుపు పూర్తిగా తెరిచాక రెక్క మందమూ హ్యాండిలూ పోను మిగిలే సందు, గడప ఎత్తు, మెట్లు, వాలు, తలకు తగిలే బీము, వేలాడే లైటు, అన్నీ రాసుకోండి. తలుపు రెక్కను బందుల నుంచి ఊడదీస్తే నాలుగైదు సెంటీమీటర్లు కలిసొస్తాయి. చాలాసార్లు ఆ నాలుగైదే కావాలి.

మలుపు దగ్గర వెడల్పు కొలిస్తే సరిపోదు. పొడవాటి బేస్ తిరగడానికి అటూ ఇటూ చోటు ఉండాలి. పెద్ద అట్టముక్కను బేస్ కొలతకు కత్తిరించి నేల మీద జరుపుతూ మలుపు తిప్పి చూడండి. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కాగితం మీద లెక్కల కన్నా నేను దీన్నే నమ్ముతాను. ఎత్తు కొలిచేటప్పుడు మిషన్ ఎత్తుకు కింద పెట్టే రోలర్లు, పలకల మందం కూడా కలపండి.

దారి అంటే కళ్లకు కనిపించేదే కాదు. నేలలో నీళ్ల తొట్టి మూత, కాలువ మీద పరిచిన పలక, మురుగు గొయ్యి ఎక్కడున్నాయో తెలుసుకోండి. మిషన్‌ను మాత్రమే కాదు, దాన్ని మోసుకొచ్చే క్రేను చక్రాలను, కాళ్లను కూడా వాటి మీదికి రానివ్వకూడదు.

2. నేల మోస్తుందా

మట్టి గట్టిగా కొట్టి, దాని మీద నేరుగా 10 సెంటీమీటర్ల మందాన పగుళ్లు లేకుండా పోసిన కాంక్రీటు అయితే టన్ను మిషన్‌కు మామూలుగా భయం లేదు. టన్ను బరువు నాలుగు పాదాల మీద పడితే పాదానికి 250 కిలోలు. పాదం 5 సెంటీమీటర్ల చదరమైతే చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి. మామూలు నిర్మాణ కాంక్రీటు తట్టుకునేదాంట్లో ఇది ఇరవయ్యో వంతు. కాంక్రీటు నలగదు కానీ దాని మీద అతికించిన టైల్ పగులుతుంది. టైల్‌ను తట్టి చూస్తే బోలు చప్పుడు వచ్చిందంటే అడుగున ఖాళీ ఉన్నట్టు. పాదాల కింద 10 మిల్లీమీటర్ల ఉక్కు పలకలు వేయండి, లేదా ఆ నాలుగు చోట్లా టైల్స్ తీసేయండి.

పై అంతస్తు మాట వేరు. ఇంటి గదుల స్లాబ్‌ను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కగట్టడం పరిపాటి. మిల్లింగ్ మిషన్ అర చదరపు మీటరు చోటులో టన్ను బరువు దించుతుంది. స్లాబ్ ఆ బరువును కొంత పక్కలకు పంచుతుంది కాబట్టి అంకెలు చూసి వెంటనే కాదనలేం, ఔననలేం. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాకే ముందుకెళ్లాలి. చెక్క నేలకూ ఇదే మాట.

3. గదిలో ఎక్కడ

ఇక్కడ అందరూ మిషన్ కొలత చూస్తారు, అది కదిలే కొలత చూడరు. మిల్లింగ్ మిషన్ టేబుల్ 42 అంగుళాలుంటే అది ఎడమ చివర నుంచి కుడి చివరకు వెళ్లేటప్పుడు మొత్తం మీద మీటరూ ముప్పావు దాకా ఆక్రమిస్తుంది, హ్యాండిళ్లు అదనం. మూలలో ఐమూలగా నిలబెడితే టేబుల్ రెండు చివర్లకూ చోటు దొరుకుతుంది, వెనకున్న త్రికోణం వృథా అవుతుంది. చిన్న గదుల్లో అది లాభసాటి బేరమే. పైకప్పు కూడా చూడండి. డ్రాబార్ (టూల్‌ను పైనుంచి లాగి పట్టే పొడుగాటి బోల్టు) విప్పడానికి తల మీద స్పానర్ ఆడాలి, బార్ పైకి రావాలి.

లేత్‌కు ఎడమ చివర ఖాళీ వదలండి. స్పిండిల్ (పనిని తిప్పే బోలు ఇరుసు) గుండా పొడుగాటి రాడ్ దూర్చాలన్నా, గేర్లు మార్చడానికి పక్క తలుపు తెరవాలన్నా అక్కడ చోటు కావాలి. వెనక గోడకు ఆనించేయకండి. చెత్త ఊడవడానికి, మోటారు బెల్టు మార్చడానికి మనిషి పక్కవాటుగా దూరేంత సందు ఉండాలి. షేపర్ ర్యామ్ (టూల్‌ను ఆడించే చెయ్యి) వెనక్కి ఎంత వస్తుందో చూసి ఆ దారిలో ఎవరూ నిలబడని చోటు ఇవ్వండి. గ్రైండర్‌ను వీలైతే వేరే గదిలో, కాకపోతే లేత్‌కు వీలైనంత దూరంగా పెట్టండి. దాని రాయి పొడి లేత్ బెడ్ (మిగతా భాగాలు జరిగే పొడవాటి పట్టాల దిమ్మ) మీద పడి నూనెతో కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది.

ఒకటికన్నా ఎక్కువ మిషన్లు తెస్తుంటే అన్నిటికన్నా లోపల ఉండేదాన్ని ముందు తేవాలి. చెప్పనక్కర్లేదనిపిస్తుంది కానీ బేరం కుదిరిన క్రమంలో తెచ్చేస్తుంటారు.

4. కొనేముందు చూడాల్సినవి

రంగు చూడకండి. కొత్తగా రంగు వేసి అమ్ముతున్న మిషన్‌నైతే ఇంకాస్త అనుమానంగా చూడండి.

లేత్‌లో మార్చలేనివి రెండే, బెడ్, స్పిండిల్. మిగతావన్నీ డబ్బుతోనో ఓపికతోనో తీరేవి. బెడ్ ఎక్కువగా అరిగేది చక్ (పనిని బిగించి పట్టేది) పక్కన, ఎందుకంటే పనంతా అక్కడే జరుగుతుంది. క్యారేజ్‌ను (టూల్‌ను మోసుకుని బెడ్ మీద జరిగే భాగాన్ని) చక్ దగ్గరికి తెచ్చి, కొద్దిగా బిగువు తగిలేట్టు దాని లాక్ బిగించండి. ఇప్పుడు టెయిల్‌స్టాక్ (బెడ్ రెండో చివర పనికి ఆధారమిచ్చేది) వైపు తిప్పండి. పోనుపోను బిగుసుకుని ఆగిపోతే చక్ దగ్గర బెడ్ అరిగిందన్నమాట. కొంచెం బిగుసుకోవడం ప్రతి పాత లేత్‌లోనూ ఉంటుంది. సగం దారిలోనే కదలకపోతే ధర తగ్గించినా వద్దనండి.

స్పిండిల్‌కు చక్‌లో బలమైన రాడ్ పట్టించి, డయల్ గేజ్ ముల్లు స్పిండిల్ ముక్కు మీద ఆనించి, రాడ్‌ను కింద నుంచి పైకి ఎత్తి చూడండి. ముల్లు 0.02, 0.03 మిల్లీమీటరు కన్నా ఎక్కువ కదిలితే బేరింగ్ సర్దుబాటు చేయాలి, లేదా మార్చాలి. తర్వాత పెద్ద స్పీడులో పావుగంట తిప్పించి హెడ్‌స్టాక్ (స్పిండిల్, గేర్లు ఉండే పెట్టె) మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే బేరింగో నూనో బాగాలేదు. ప్రతి గేరులోనూ వినండి. ఒక్క గేరులో మాత్రం టక్ టక్ మంటూ తిరిగిన ప్రతిసారీ చప్పుడు వస్తే పన్ను విరిగిందనుకోవచ్చు.

క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా పనిలోకి జరిపేది) హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరిగిందని బెదిరిపోకండి. ఆ ఖాళీ, అంటే బ్యాక్‌లాష్, నట్ అరగడం వల్ల వచ్చేది, నట్ మార్చుకోవచ్చు. పోయిన గేర్లు, స్టెడీలు (పొడుగాటి పనికి మధ్యలో ఇచ్చే ఆధారాలు), చక్‌ల సంగతే ఎక్కువ పట్టించుకోవాలి. పాత మోడల్‌కు అవి విడిగా వెతకాలంటే మిషన్ ధరతో సమానంగా ఖర్చు తేలవచ్చు. అంగుళాల లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ను లాగే పొడుగాటి మర) ఉన్న లేత్ మీద మెట్రిక్ మరలు కోయాలంటే 127 పళ్ల గేరు ఉందేమో అడగండి. అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, దానికి ఐదు రెట్లు 127. అందుకే ఆ గేరు పెడితే మార్పిడి తేడా లేకుండా సరిపోతుంది.

మిల్లింగ్ మిషన్‌లో టేబుల్ మధ్యలోనూ చివర్లలోనూ బిగువు పోల్చండి. మధ్యలో వదులుగా, చివర్లలో బిగువుగా ఉంటే మధ్య అరిగినట్టు. పోత ఇనుములో పగుళ్లు, వెల్డింగ్ అతుకులు పాదాల దగ్గర, మోటారు బ్రాకెట్ల దగ్గర వెతకండి. కరెంటు లేదు, నడిపి చూపించలేనంటే పాడైన మిషన్‌కు ఇచ్చే ధరే ఇవ్వండి.

నేమ్ ప్లేట్‌ను ఫొటో తీసుకోండి, మోటారు నేమ్ ప్లేట్‌ను కూడా. రెండోది ఏడో మెట్టులో అక్కరకొస్తుంది.

5. విప్పడం

తరలించడంలో అతి చవకైన క్రేను స్పానర్ల సెట్టు. మొత్తం ఎత్తగలమా అని కాదు, ఎంత వరకు విప్పగలమా అని ఆలోచించండి. లేత్ నుంచి చక్, టెయిల్‌స్టాక్, టూల్‌పోస్ట్, కాంపౌండ్, చిందులు ఆపే రేకు, మోటారు సులభంగా వస్తాయి. ఎనిమిది అంగుళాల చక్ ఒక్కటే 15 కిలోలు దాటుతుంది. దాన్ని విప్పేటప్పుడు బెడ్ మీద చెక్క పలక పరవండి, లేకపోతే చేయి జారితే బెడ్‌కూ వేళ్లకూ దెబ్బే. బ్రిడ్జ్‌పోర్ట్ తరహా మిషన్‌లో తల, టేబుల్ ఒక్కొక్కటీ వంద కిలోల దరిదాపు ఉంటాయి. టేబుల్ తీసేస్తే మిషన్ చాలా సన్నబడుతుంది, తలుపు సమస్య అక్కడే తీరవచ్చు.

తల తీయకుండా తేవాలంటే దాన్ని తలకిందులుగా తిప్పి బిగించండి. బరువు కిందికి దిగుతుంది, ఎత్తూ తగ్గుతుంది. తిప్పేముందు తల బరువు క్రేను పట్టుకుని ఉండాలి. నట్లు వదులు చేయగానే అది తనంతట తాను దొర్లుతుంది.

విప్పేముందు ప్రతి జాయింటుకూ నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. వైర్లకు టేపు మీద అంకెలు రాసి అంటించండి. బోల్టులు ఏ భాగానివి ఆ సంచిలో వేసి పేరు రాయండి. రెండు భాగాల మధ్య పల్చటి రేకు ముక్క కనిపిస్తే అది చెత్త కాదు, ఎవరో ఎప్పుడో కొలత సరిచేయడానికి పెట్టిన షిమ్. ఎక్కడిది, ఏ వైపుదో రాసి దాచండి.

విప్పకూడని చోటు కూడా ఉంది. లేత్ హెడ్‌స్టాక్‌ను తప్పనిసరైతే తప్ప బెడ్ నుంచి వేరుచేయకండి. ఆ అమరికను కదిలిస్తే మళ్లీ కుదుర్చుకోవడం పెద్ద పని.

6. ఎత్తడం, దొర్లించడం

లేత్ బరువులో ఎక్కువ భాగం హెడ్‌స్టాక్ వైపే ఉంటుంది. మధ్యలో పట్టుకుని ఎత్తితే ఎడమ వైపు కుంగుతుంది. క్యారేజ్‌ను టెయిల్‌స్టాక్ చివరకు జరిపి బిగిస్తే కొంత సమతూకం వస్తుంది. బెల్టును బెడ్ పక్కటెముకల కింద నుంచి తీయాలి. లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్, స్పిండిల్ మీద బెల్టు అసలు ఆనకూడదు. అవి వంగితే లేత్ కొన్నదే దండగ. బెల్టుకూ రాడ్లకూ మధ్య చెక్క అడ్డం పెట్టి దూరంగా ఉంచండి. ముందు నేల నుంచి వేలెడంత ఎత్తి ఆగండి, సరిగ్గా తూగుతోందో చూసి అప్పుడే పైకి.

రెండు కాళ్ల బెల్టు ఎంత వెడల్పుగా విచ్చుకుంటే అంత ఎక్కువ లాగుతుంది. కాళ్లు నేలకు 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద మొత్తం బరువులో 58 శాతం పడుతుంది, 45 డిగ్రీలకు 71 శాతం. 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలి మీదా పూర్తి బరువు పడినట్టే. బెల్టు పొడుగ్గా ఉండటం మంచిది.

ఇంజిన్లు దించే మడత క్రేను మీద 2 టన్నులని రాసి ఉంటుంది. చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి మాట అది. చెయ్యి చివరిదాకా లాగితే చాలా క్రేన్లలో అది అర టన్నే. పైగా దాని ముందు కాళ్లు మిషన్ బేస్‌కు అటూ ఇటూ పట్టాలి. అద్దెకు తెచ్చాక కాళ్ల మధ్య బేస్ దూరడం లేదని తెలిస్తే రోజు వృథా. చైన్ బ్లాక్‌ను పైకప్పు కొక్కేనికి తగిలించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఫ్యాన్ కోసం పెట్టిన కొక్కెం ఫ్యాన్‌కే.

చదునైన నేల మీదికి వచ్చాక క్రేను కన్నా గడ్డపార, ఇనుప రాడ్లే నయం. మీటరున్నర గడ్డపారకు మొన నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఆనిక పెడితే మీ చేతి బలం 29 రెట్లవుతుంది. టన్ను మిషన్‌కు ఒక చివర ఎత్తాలంటే అర టన్ను ఎత్తాలి, అంటే మీరు నొక్కాల్సింది పదిహేడు పద్దెనిమిది కిలోల బలమే. వేలెడంత లేపడం, చెక్క దిమ్మ తోయడం, రెండో చివరకు వెళ్లడం, మళ్లీ లేపడం. ఎత్తు పెరుగుతున్న కొద్దీ దిమ్మలు వెంటనే కింద ఉండాలి. జాకీ మీదనో గడ్డపార మీదనో మాత్రమే నిలిచిన మిషన్ కిందికి చెయ్యి పోనివ్వకండి. దిమ్మను కర్రతో తోయండి.

రోలర్లకు 20 నుంచి 25 మిల్లీమీటర్ల గట్టి ఇనుప రాడ్లు, బేస్ వెడల్పు కన్నా అటూ ఇటూ జానెడు పొడుగ్గా తీసుకోండి. కనీసం ఐదు ఉంటే ఎప్పుడూ మూడు కింద ఉంటాయి, వెనకవి తీసి ముందు వేయవచ్చు. రాడ్ చివరను సుత్తితో కొట్టి ఐమూలగా చేస్తే మిషన్ ఆ వైపు మళ్లుతుంది. లావుపాటి పైపులు వాడితే దొర్లడం సులువే కానీ జారిపడితే పడే ఎత్తు కూడా పెరుగుతుంది. నేను సన్నరాడ్లవైపే.

వాలు మీద జాగ్రత్త రెట్టింపు. పదడుగులకు అడుగు దిగే వాలు మీద టన్ను మిషన్ వంద కిలోల బలంతో కిందికి లాగుతుంది. ముందు నుంచి ఆపుదామని ఎవరూ నిలబడకూడదు. వెనక నుంచి చేతి వించ్‌తోనో చైన్ బ్లాక్‌తోనో గట్టి ఆధారానికి కట్టి కొద్దికొద్దిగా వదలాలి. మిషన్ ఒరుగుతుంటే పట్టుకోవడానికి చేతులు వాటంతటవే ముందుకు పోతాయి. పట్టుకోవద్దు, పక్కకు తప్పుకోండి అని పని మొదలవకముందే అందరికీ చెప్పాలి. ఆ పూట మాట ఒక్కరిదే, మిగతావాళ్లు వినాలి. "ఆగు" అనే మాట మాత్రం ఎవరైనా అనవచ్చు.

7. కరెంటు

పాత కర్మాగారం మిషన్‌లో ఉండేది దాదాపుగా త్రీ ఫేజ్ మోటారే. ఇంట్లో సింగిల్ ఫేజ్ మాత్రమే ఉంటే మోటారు మార్చేయాలని తొందరపడకండి. సుమారు 3 హార్స్‌పవర్ దాకా వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె) మంచి దారి. 220 నుంచి 240 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని అదే వోల్టేజీలో త్రీ ఫేజ్ ఇస్తుంది, స్పీడు కూడా మార్చుకోనిస్తుంది. వోల్టేజీని పెంచి 400 చేయదు. కాబట్టి మోటారు 230 వోల్టుల మీద తిరగగలగాలి.

దానికే నేమ్ ప్లేట్ ఫొటో. 230/400, డెల్టా/స్టార్ (వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు) అని ఉంటే టెర్మినల్ పెట్టెలో పట్టీలు మార్చి డెల్టాగా కలిపితే సరిపోతుంది. 400/690 అని ఉంటే కుదరదు. 400 స్టార్ అని ఉండి బయటికి మూడు వైర్లే వస్తుంటే స్టార్ జాయింటు వైండింగ్ లోపల ఉన్నట్టు, దాన్ని బయటికి తీయడం వైండింగ్ మేస్త్రీ పని. రెండు స్పీడుల మోటారు సాధారణంగా ఒకే వోల్టేజీది. అలాంటప్పుడు రోటరీ ఫేజ్ కన్వర్టర్ (మోటారు తిప్పి మూడో ఫేజ్ పుట్టించేది), ట్రాన్స్‌ఫార్మర్ లేదా మోటారు మార్పు ఆలోచించాలి.

వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టి నడుస్తుండగా తెంచకూడదు, డ్రైవ్ కాలిపోవచ్చు. మిషన్ పాత స్విచ్‌లను డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు కలపండి. 20 హెర్ట్జ్ కన్నా కింద ఎక్కువసేపు నడిపితే మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, మోటారు వేడెక్కుతుంది. నెమ్మది స్పీడు గేర్లతోనే తెచ్చుకోండి. కరెంటు తీసేశాక కూడా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జి ఉంటుంది. తయారీదారు చెప్పిన సమయం ఆగాకే మూత తీయండి.

చక్ మర మీద బిగించే రకం లేత్‌లో ఒక ప్రమాదం దాగి ఉంటుంది. డ్రైవ్‌తో గభాలున బ్రేకు వేసినా, వెనక్కి తిప్పినా చక్ తన వేగంతో మర విప్పుకుని ఊడిపోగలదు. ఆగే సమయాన్ని కొన్ని సెకన్లకు పెంచండి. మర లేకుండా పిన్నులతో బిగించే క్యామ్‌లాక్ చక్‌కు ఈ బెడద లేదు.

ఎర్త్ సరిగ్గా ఉండాలి. చేతికి అందే చోట ఎర్ర స్టాప్ బటన్ ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ దానంతటదే మొదలవకూడదు. వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. డ్రైవ్ పెడుతున్నామని ముందే చెబితే దానికి సరిపోయే లీకేజీ బ్రేకర్ ఎంచుతారు, లేకపోతే ఊరికే ట్రిప్ అవుతుంటుంది.

8. శుభ్రం, నూనె

కిరోసిన్‌తో కడిగి గుడ్డతో తుడవండి. గాలి గొట్టంతో ఊదితే ఇనుప రజను స్లైడ్ల లోపలికి పోతుంది. బెడ్ మీద తుప్పును నూనె, సన్నటి రాపిడి ప్యాడ్‌తో చేత్తోనే తీయండి. గ్రైండర్ ముట్టించకండి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దొద్దు. హెడ్‌స్టాక్ నూనె పూర్తిగా మార్చండి. స్లైడ్లకు ఐఎస్‌ఓ వీజీ 68 స్లైడ్‌వే నూనె చాలావరకు సరిపోతుంది, హెడ్‌స్టాక్‌కు మాత్రం మాన్యువల్ చెప్పిందే పోయండి.

9. మట్టం, మెలిక

మేస్త్రీ రసమట్టం ఇక్కడ పనికిరాదు. మీటరుకు 0.02 మిల్లీమీటరు చూపే మిషన్ లెవెల్ కావాలి, అద్దెకో ఎరువుకో తెచ్చుకోండి. లేత్ నేలకు కచ్చితంగా సమాంతరంగా ఉండాలని కాదు, ఓడల్లో కూడా లేత్‌లు పనిచేస్తాయి. బెడ్‌లో మెలిక ఉండకూడదంతే. నాలుగు పాదాల్లో ఒకటి కొంచెం ఎత్తయినా, బోల్టు బిగించేసరికి అంత పెద్ద పోత ఇనుము కూడా తడి బట్ట పిండినట్టు మెలిపడుతుంది. లెవెల్‌ను బెడ్‌కు అడ్డంగా పెట్టి హెడ్‌స్టాక్ దగ్గర ఒకసారి, టెయిల్‌స్టాక్ చివర ఒకసారి చదవండి. రెండు చోట్లా బుడగ ఒకే గీత మీద నిలిచేదాకా పాదాల స్క్రూలు సర్దండి. నేల కొత్తగా పోసి ఉంటే 28 రోజులు ఆరనిచ్చాకే ఈ పని.

అసలు పరీక్ష కోతే. ముప్పై నలభై మిల్లీమీటర్ల లావు రాడ్‌ను చక్‌లో పట్టి, 150 నుంచి 200 మిల్లీమీటర్లు బయటికి ఉంచండి. టెయిల్‌స్టాక్ ఆధారం వద్దు. మధ్యభాగం తగ్గించి, రెండు చివర్లా రెండు పట్టీలు మిగల్చండి. పదునైన టూల్‌తో క్రాస్ స్లైడ్ కదపకుండా రెండింటినీ పల్చగా కోసి, మైక్రోమీటర్‌తో కొలవండి. బయటి పట్టీ లావుగా ఉంటే టెయిల్‌స్టాక్ చివర ముందువైపు, అంటే మీరు నిలబడే వైపు పాదాన్ని కొద్దిగా ఎత్తండి. సన్నగా ఉంటే వెనక పాదాన్ని. స్క్రూను పిసరంత తిప్పి, మళ్లీ కోసి, మళ్లీ కొలవండి. రెండు పట్టీల తేడా వందో వంతు మిల్లీమీటరుకు దిగాక టెయిల్‌స్టాక్‌ను స్పిండిల్‌కు సూటిగా సర్దుకోవచ్చు, అంతకుముందు దాన్ని ముట్టుకోవద్దు. నేల కుదురుకుంటుంది, దిమ్మలు, షిమ్‌లు అణుగుతాయి. కొన్ని వారాల తర్వాత లెవెల్ మళ్లీ పెట్టి చూడండి, ఆపైన వేసవికి ఒకసారి, చలికాలానికి ఒకసారి.